పక్షుల లెక్క పక్కనే పురుగుమందు లెక్క

గుంటూరు జిల్లా పాఠశాలల్లో వలస పక్షుల లెక్కింపును సైన్సు పాఠంలో భాగం చేయాలి. చలికాలంలో మధ్య ఆసియా నుంచి వచ్చే గులాబీ గోరింకలు మిరప, పత్తి చేలల్లో మందు కొట్టిన మరునాడే వాలి పురుగులను ఏరుకోవడం ఏటా చూస్తున్నాను; మొన్న మా జొన్నచేను గట్టున ఒకటి రెక్కలు చాపి, ముక్కు తెరిచి చచ్చి పడి ఉంటే మా మనవరాలు చాలాసేపు అక్కడి నుంచి కదల్లేదు. మన రైతులు విరివిగా వాడే ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కొద్ది మోతాదులో కడుపులోకి వెళ్లినా పిచ్చుకలు బరువు తగ్గి, వలస ప్రయాణంలో వెనుకబడతాయని కెనడా శాస్త్రవేత్తలు 2019లో వెల్లడించారు. పిల్లలను ఉప్పలపాడు పక్షుల కేంద్రానికి తీసుకెళ్లి పెలికాన్లను చూపించడంతో సరిపెట్టకుండా, నవంబరు నుంచి మార్చి వరకు వారం వారం ఏ చేలో ఏ పిట్టలు ఎన్ని కనిపించాయో, ఆ చేనుకు ఏ మందు కొట్టారో పక్కపక్కనే రాయించి, ఆ లెక్కలను రైతు సేవా కేంద్రంలో వారిచేతే చదివించాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు