ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేముందు

ప్రియమైన తల్లిదండ్రులకు,

ప్రభువు నామంలో వందనాలు.

ఈ శనివారం ప్రోగ్రెస్ కార్డులు ఇస్తున్నాం. మార్కుల సంగతి క్లాస్ టీచర్లు మీతో మాట్లాడతారు. మార్కులు చూడగానే మన నోటి నుంచి వచ్చే మొదటి మాట గురించి నేను రాస్తున్నాను.

కిందటిసారి కార్డులిచ్చిన రోజు వరండాలో నిలబడి ఉన్నాను. ఒక తండ్రి హెల్మెట్ మోచేతికి తగిలించుకుని సంతకం పెడుతూ, "వీడు ఎందుకూ పనికిరాడు మేడమ్, గేదెల వెనక పంపడమే" అన్నారు. బాబు పక్కనే ఉన్నాడు. ఏడవలేదు. బల్ల అంచున లేచిపోయిన సన్మైకాని గోటితో గీకుతూ నిలబడ్డాడు. వారం తర్వాత లెక్కల పీరియడ్‌లో బోర్డు దగ్గరికి పిలిస్తే, "నేను పనికిరాను టీచర్, ఇంకెవర్నైనా పిలవండి" అన్నాడట. ఆ తండ్రి చెడ్డవారు కాదు. పిల్లాడి ఫీజు కోసం రాత్రి డ్యూటీలు చేస్తారు. ఆ మాట అన్నట్టు ఆయనకి గుర్తు కూడా ఉండి ఉండదు.

ఆయన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. నేను టీచరుగా చేరిన కొత్తలో క్రిస్మస్ ప్రోగ్రామ్‌కి పాటలు నేర్పిస్తున్నాను. ఒకమ్మాయి శ్రుతి తప్పుతోంది. రెండు రోజులే టైమ్ ఉంది, నాకు టెన్షన్. అందరి ముందూ, "నువ్వు పాడొద్దు, ఊరికే పెదాలు కదుపు చాలు" అన్నాను. ఆ పిల్ల అలాగే చేసింది. ప్రోగ్రామ్ బాగా జరిగింది, అందరూ మెచ్చుకున్నారు. ఇరవై ఏళ్లు దాటాక ఆ అమ్మాయి తన కూతుర్ని చేర్చడానికి నా దగ్గరికి వచ్చింది. మాటల మధ్యలో, నవ్వుతూనే చెప్పింది. "ఆ రోజు నుంచి చర్చిలో కూడా పెదాలే కదుపుతాను మేడమ్."

ఇరవై ఏళ్ల ఆదివారాలు! నాకు ఆ మాట గుర్తే లేదు. అడ్మిషన్ ఫారం పక్కన పెట్టి, క్షమించమ్మా అన్నాను. ఆమెది పెద్ద మనసు, నా చెయ్యి పట్టుకుంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

"జీవమరణములు నాలుక వశము." బైబిల్లో సామెతల గ్రంథం 18:21. మన ప్రార్థన హాలు గోడ మీద పెద్ద అక్షరాలతో ఉంది, ఒకటో తరగతి పిల్లలు కూడా కంఠత చెప్తారు. ఆ గోడ పక్కనుంచి ఇన్నేళ్లు నడిచినా, అది నా నాలుక గురించేనని నాకు ఆ రోజే తెలిసింది. బైబిలు పాత నిబంధనని చాలావరకు రాసిన హెబ్రీ భాషలో మాటకీ, జరిగిన సంగతికీ ఒకటే పదం: దాబార్. మనం ఊరికే అన్నాంలే అనుకున్నది పిల్లల విషయంలో జరిగిన సంగతే అయి కూర్చుంటుంది.

బైబిలు మొదటి పుస్తకం ఆదికాండము 35లో యాకోబు భార్య రాహేలు కథ మీకు తెలిసిందే. బేత్లెహేము దారిలో ప్రసవ వేదనతో ప్రాణం పోతుంటే, పుట్టిన బిడ్డకి బెనోని అని పేరు పెట్టింది. నా దుఃఖపుత్రుడు అని అర్థం. ఆ తల్లి బాధలో అన్న మాట, ఆమెని ఏమీ అనలేం. కానీ యాకోబు ఆ పేరు ఉండనివ్వలేదు. బెన్యామీను అన్నాడు, కుడిచేతి కుమారుడు. అప్పుడే భార్యని పోగొట్టుకున్న మనిషి, ఆమె మీద ప్రాణం పెట్టుకున్న మనిషి, ఆ దుఃఖాన్ని బిడ్డ మెడకి కట్టకుండా ఆపాడు. ఇంగ్లీషులో ఆ పేరే బెంజమిన్. మన అటెండెన్స్ రిజిస్టర్లలో బెంజమిన్లు ఎంతమందో! ఆ పేరు పిలిచినప్పుడల్లా నాకు యాకోబు గుర్తొస్తాడు. అప్పుల బాధ, ఆఫీసులో పడ్డ మాట, ఇంట్లో గొడవ, ఇవన్నీ మనకీ ఉంటాయి. వాటితో బిడ్డకి పేరు పెట్టొద్దు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. మాటకి శక్తి ఉంది కాబట్టి "నాకు ఫస్ట్ ర్యాంక్ వచ్చేసింది" అని రోజూ నోటితో అంటూ ఉంటే వచ్చేస్తుందని కొందరు పిల్లలకి నేర్పిస్తున్నారు. దయచేసి అలా చేయకండి. మన ఊళ్లలో తథాస్తు దేవతలుంటారు జాగ్రత్త అంటారే, దానికీ దీనికీ పెద్ద తేడా కనిపించదు నాకు. మన మాట మంత్రం కాదు, దేవుణ్ణి కట్టిపడేయదు. ర్యాంకు రానప్పుడు ఆ పిల్ల తన విశ్వాసమే తక్కువైందని కుమిలిపోతుంది. నేను అలాంటి పిల్లని ఓదార్చాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. అలాగే, దీవించడమంటే తప్పుని వెనకేసుకురావడమూ కాదు. హోంవర్క్ ఎగ్గొడితే ఎగ్గొట్టావనే చెప్పండి, ఇంట్లో, తలుపు వేసుకుని చెప్పండి.

1979లో యెరూషలేము దగ్గర కెతెఫ్ హిన్నోములో పాత సమాధులు తవ్వుతుంటే రెండు చిన్న వెండి రేకులు దొరికాయి. తాయెత్తులా చుట్టి ఉన్నాయి. విప్పి చూస్తే లోపల బైబిల్లో సంఖ్యాకాండము 6లో ఉన్న, యాజకులు (పూజారులు) ప్రజలకిచ్చే దీవెన మాటలు చెక్కి ఉన్నాయి. సుమారు 2,600 ఏళ్ల నాటివి. బైబిలు మాటలున్న వస్తువుల్లో ఇంతకంటే పాతవి ఇంతవరకూ దొరకలేదు. ఎవరో ఆ దీవెనని ఒంటి మీద పెట్టుకుని తిరిగారు, దానితోనే సమాధి అయ్యారు. తొమ్మిదో తరగతికి ఇది చెప్తే క్లాసంతా కాసేపు నిశ్శబ్దమైపోయింది. యూదుల ఇళ్లలో ఇప్పటికీ శుక్రవారం సాయంత్రం తల్లిదండ్రులు పిల్లల తల మీద చెయ్యి పెట్టి ఆ మాటలే చెప్తారు. మా నాయనమ్మ కూడా నేను సంచి భుజాన వేసుకునే టైముకి వచ్చి, నెత్తిన చెయ్యి పెట్టి, "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక" అనేది. ఆమె చేతికి ఎప్పుడూ పసుపు, చింతపండు వాసన. చదువు రాదు, వాక్యమంతా విని నేర్చుకున్నదే.

మీరూ ఆటో వచ్చేలోపు ఆ ఒక్క వాక్యం పైకి, బిడ్డకి వినపడేలా చెప్పి పంపండి. మన బడిలో వేరే నమ్మకాల ఇళ్ల నుంచి వచ్చే పిల్లలూ చాలామంది ఉన్నారు. ఆ తల్లిదండ్రులు తమ పెద్దలు తమని ఎలా దీవించేవారో అలాగే దీవించండి.

శనివారం ఉదయం తొమ్మిదిన్నర నుంచి కార్డులు ఇస్తాం. ఈసారి సంతకం గడి కింద రెండు గీతలు ఖాళీగా ఉంచాం. మీ బిడ్డలో మీకు నచ్చిన ఒక్క విషయం అక్కడ రాయండి, మార్కుల గురించి కాకుండా. రాయడం రానివాళ్లు సిగ్గుపడొద్దు. బిడ్డని పక్కన నిలబెట్టుకుని చెప్పండి, టీచర్ రాస్తారు.

మీ పిల్లల హెడ్‌మిస్ట్రెస్