పాళీ వదులైందని రాస్తున్న అందరికీ

ఈమధ్య ఇంకుపెన్నులు చేసి అమ్మే మాకు వస్తున్న మెసేజ్‌ల్లో ఎక్కువ భాగం ఒకటే మాట: "పాళీ కదులుతోందండీ, పట్టుకుంటే చుట్టూ తిరుగుతోంది, కొత్త పాళీ పంపుతారా?" విడివిడిగా అందరికీ జవాబిస్తూనే ఉన్నాం. కానీ మెసేజ్‌లో నాలుగు ముక్కలు రాస్తే విషయం సగమే అర్థమవుతోంది, ఆ సగంతో కొందరు ఇంట్లోనే ఏదో ఒకటి చేసి పెన్నును ఇంకా పాడుచేసుకుంటున్నారు. అందుకే ఉన్నదున్నట్టుగా మొత్తం ఇక్కడ రాస్తున్నాను. ఇకపై మేం ఏం మార్చబోతున్నామో కూడా చెబుతాను.

ముందుగా, పాళీ వదులైందంటే పాళీ పాడైందని కాదు. కొత్త పాళీ అమ్మితే మాకు లాభమే, అయినా చెబుతున్నాను, చాలా పెన్నుల్లో కొత్త పాళీ పెట్టినా అది కూడా అలాగే తిరుగుతుంది. ఎందుకంటే ఇక్కడ మూడు భాగాలు కలిసి పనిచేస్తాయి: పాళీ, దాని కింద ఆనుకుని ఉండే ఫీడ్, ఈ రెండూ దూరే సెక్షన్ (రాసేటప్పుడు వేళ్లతో పట్టుకునే భాగం) రంధ్రం. ఇంకుపెన్నుల్లో చాలావాటికి ఈ మూడింటినీ పట్టి ఉంచే స్క్రూ గానీ జిగురు గానీ ఏదీ ఉండదు. పాళీ వెనక భాగం గుండ్రంగా వంగి ఫీడ్‌ని కప్పుకుంటుంది, రెండింటినీ జతగా రంధ్రంలోకి నెడితే ఆ బిగువే వాటిని పట్టుకుంటుంది. పాళీ రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. కాబట్టి మూడింటిలో ఏ ఒక్కటి వెంట్రుక వాసి తగ్గినా చేతికి తెలిసిపోతుంది.

దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దని ఎందుకంటున్నానో చెబుతాను. ఫీడ్ అంటే పాళీకి ఆసరాగా పెట్టిన నల్లటి ముక్క అనుకుంటారు చాలామంది. నిజానికి పెన్ను రాసేది దాని వల్లే. అందులోని సన్నటి గాడి గుండా ఇంకు, వత్తి నూనెను పీల్చుకున్నట్టు, తనంతట తానే ముందుకు వస్తుంది. బయటికి వెళ్లిన ఇంకు స్థానంలోకి గాలి లోపలికి పోవాలి, ఆ దారి కూడా ఫీడ్‌లోనే ఉంటుంది. ఇంకు బయటికి రావడం, గాలి లోపలికి పోవడం రెండూ లెక్కగా జరిగే ఏర్పాటుకే అమెరికాకి చెందిన లూయిస్ వాటర్‌మన్‌కి 1884లో పేటెంట్ వచ్చింది, ఇప్పటికీ మన పెన్నులన్నీ ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి. పాళీ, ఫీడ్ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నంతసేపే ఈ లెక్క కుదురుతుంది.

అందుకే "వదులైంది" అని రాసినప్పుడు మేం వెంటనే ఒక ఫోటో అడుగుతున్నాం. వదులులో రెండు రకాలున్నాయి, రెండింటికీ వైద్యం వేరు. ఇది మీరే చూసుకోవచ్చు. ఇంకు తీసేసి, కడిగి, ఆరబెట్టిన పెన్నును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, పాళీని పక్కనుంచి కంటికి సమంగా పట్టుకుని, వెలుతురుకి ఎదురుగా చూడండి. పాళీకీ ఫీడ్‌కీ మధ్య సన్నటి వెలుగు గీత కనిపించిందా? అయితే ఫీడ్ బిగువుగానే ఉన్నా పాళీ దాన్ని వదిలి పైకి లేచిందన్నమాట. ఇలాంటి పెన్ను మొదటి అక్షరానికి మొరాయిస్తుంది, వేగంగా రాస్తే మధ్యలో గీతలు ఎగిరిపోతాయి, కాసేపు పక్కన పెడితే ఎండిపోతుంది. ఆ వెలుగు గీత కనిపించకపోతే, బొటనవేలు చూపుడువేలు మధ్య పాళీని, ఫీడ్‌ని కలిపి పక్కల నుంచి పట్టుకుని చాలా మెల్లగా, మెలితిప్పినట్టు కాకుండా ఊరికే తాకి చూసినట్టుగా, తిప్పండి. రెండూ కలిసి సెక్షన్‌లో తిరిగితే అది రెండో రకం. ఇందులో రాత బాగానే ఉండొచ్చు, కానీ గాలి దొంగదారిన లోపలికి పోతుంది, అప్పుడు ఇంకు చుక్కలుగా రాలుతుంది, లేదా సెక్షన్ అంచు చుట్టూ ఊరి వేళ్లకు అంటుతుంది. బారెల్‌లోనే, అంటే నేరుగా పెన్ను గొట్టంలోనే, ఇంకు నింపే పెన్నుల్లో ఈ బాధ ఇంకా ఎక్కువ. ఇంకు సగానికి తగ్గాక లోపల గాలి పెరుగుతుంది, చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకును ముందుకు తోస్తుంది.

వదులు ఎందుకొస్తుందంటే, మా దగ్గరికి వచ్చిన పెన్నుల్లో మొదటి కారణం పదేపదే ఊడదీయడం. శుభ్రంగా ఉంచుకోవాలన్న శ్రద్ధతోనే చేస్తారు, నాకు తెలుసు, శ్రద్ధ లేనివాళ్లు ఇంకుపెన్నే కొనరు. కానీ ఇంకు మార్చిన ప్రతిసారీ పాళీ, ఫీడ్ లాగి మళ్లీ నెడుతుంటే రంధ్రం అంచు ప్రతిసారీ కాస్త అరుగుతుంది. ఊడదీయాల్సిన అవసరమే లేదు. మామూలు నీళ్లు లోపలికి తీసి, బయటికి వదిలి, నీళ్లు తేటగా వచ్చేదాకా అలాగే చేస్తే సరిపోతుంది. ఇంకు గట్టిగా ఎండిపోయి ఉంటే ముందు భాగాన్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టండి.

ఇంకో కారణం వింటే ఆశ్చర్యపోతారు. "ఇన్నేళ్లు బాగానే ఉంది, ఒక్కసారి కడిగానంతే, వదులైపోయింది" అని రాస్తుంటారు. కడగడం వల్ల వదులు కాలేదు. అది ఎప్పటినుంచో వదులే. సందులో ఎండిన ఇంకు గట్టిపడి జిగురులా ఇన్నాళ్లూ పట్టి ఉంచింది, కడిగేసరికి ఆ పట్టు పోయింది. ఇందులో మీ తప్పేమీ లేదు, నిశ్చింతగా కడుక్కోండి.

వేరే పెన్ను పాళీ తెచ్చి ఇందులో పెట్టినా ఇదే జరుగుతుంది. పాళీ సైజుకి ఐదో నంబరు, ఆరో నంబరు అని పైకి ఒకటే పేరున్నా, ఒక్కో తయారీలో రేకు మందం వేరు, వంపు వేరు. మందం ఎక్కువున్న పాళీ కొన్నాళ్లు పెట్టి తీస్తే రంధ్రం కాస్త పెద్దదై, తర్వాత పాతదే మళ్లీ పెట్టినా పట్టదు. పాళీలు మార్చుకోవడంలో సరదా ఉంది, వద్దనను, కానీ ఆ సరదాకి మరతో బిగించే యూనిట్ (పాళీ, ఫీడ్ కలిపి ఒకే ముక్కగా వచ్చేది) ఉన్న పెన్ను వాడండి.

అన్నిటికంటే నాకు దిగులు కలిగించేది సెక్షన్ అంచున పగులు. కంటికి దాదాపు కనిపించదు. పాళీని బలంగా నెట్టినప్పుడో, పెన్ను కింద పడినప్పుడో అంచు దగ్గర వెంట్రుకలాంటి గీత పడుతుంది, అక్కణ్ణుంచి బిగువు తగ్గిపోతుంది. తుడిచిన కాసేపటికే సెక్షన్ మీద ఒకే చోట మళ్లీ మళ్లీ ఇంకు గీతలా కనిపిస్తే అనుమానించాల్సింది దీన్నే. దీనికి సెక్షన్ మార్చడమే మార్గం, అతికిస్తే నిలవదు.

ఇక ఇంట్లో చేసుకోగలిగింది ఒకటుంది. ఫీడ్ ఎబొనైట్‌ది (గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరుది) అయి, సమస్య పాళీ పైకి లేవడమే అయితే వేడితో సరిచేయవచ్చు. ఎబొనైట్ ఫీడ్ మెరుపు లేకుండా ఉంటుంది, గాట్లు రంపంతో కోసినట్టుంటాయి, వేలితో గట్టిగా రుద్దితే గంధకం వాసన వస్తుంది. ప్లాస్టిక్ ఫీడ్ నున్నగా, గాట్లన్నీ అచ్చు వేసినట్టు ఒకేలా ఉంటాయి. ఎబొనైట్ వేడికి మెత్తబడి, చల్లారాక ఆ ఆకారంలోనే గట్టిపడుతుంది. నీళ్లు బాగా వేడెక్కాలి, మరగకూడదు. పెన్నును పాళీ కిందికి వచ్చేలా పట్టుకుని, పాళీ బయటికి కనిపించే భాగం మాత్రమే అర నిమిషం ముంచి, తీసిన వెంటనే ఒక గుడ్డతో పట్టుకుని, ఫీడ్‌ని కింద నుంచి పాళీకి ఆనేలా బొటనవేలితో మెల్లగా ఒత్తి, అలాగే ఒత్తిపట్టుకుని చన్నీళ్లలో పెట్టండి. మళ్లీ వెలుతురులో చూడండి. ఒకసారికి కుదరకపోతే ఇంకోసారి చేయవచ్చు. బలం ఉపయోగించొద్దు, ఎక్కువ ఒత్తితే పాళీ చీలిక విచ్చుకుపోయి రాత పాడవుతుంది. సెక్షన్‌ను మాత్రం వేడినీళ్లలో ముంచకండి, అది ఎబొనైట్ అయితే రంగు వెలిసిపోతుంది, సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ అయితే ఆకారమే పోతుంది. ప్లాస్టిక్ ఫీడ్‌కి ఈ పద్ధతి అసలు వద్దు, కావలసిన చోట వంగదు, అక్కర్లేని చోట వంకరపోతుంది.

బతిమాలి చెబుతున్నాను, సూపర్ గ్లూ మాత్రం వేయొద్దు. ఒక్క చుక్క చాలు, అది గాడిలోకి పాకి ఇంకు దారిని, గాలి దారిని కలిపి మూసేస్తుంది, తర్వాత విడదీయబోతే రంధ్రం చీలుతుంది. మా చేతికి వచ్చిన పెన్నుల్లో కాపాడలేకపోయినవి చాలావరకు గ్లూ వేసినవే. ఫీడ్ చుట్టూ టేపు చుట్టడం కూడా అంతే, గాలి దారిని కప్పేస్తే పెన్ను రెండు లైన్లు రాసి ఆగిపోతుంది. సిలికాన్ గ్రీజు పెన్ను భాగాలు బిగించే మరచుట్ల మీద మంచిదే గానీ ఫీడ్‌కి తగలకూడదు, గ్రీజు ఉన్నచోట ఇంకు నిలవదు.

రెండు ముక్కలూ కలిసి తిరుగుతున్న పెన్ను మా దగ్గరికి వస్తే మేం ముందు పగులు ఉందేమో చూస్తాం. లేకపోతే ఒక పిసరు లావున్న ఫీడ్ తీసుకుని రంధ్రానికి సరిపోయేదాకా అరగదీసి పెడతాం. అలాంటిది దొరకకపోతే ఫీడ్ వెనక భాగానికి గాడి వదిలేసి పల్చగా లక్క పూత వేసి, ఆరాక మళ్లీ వేసి, బిగువు వచ్చేదాకా పెంచుతాం. లక్కనే ఎందుకంటే, రేపు ఎవరైనా విప్పాలనుకుంటే కాస్త వేడి చూపితే వదులుతుంది, పెన్నుకి హాని ఉండదు. మళ్లీ విప్పలేని రిపేరు మేం చేయం.

ఇక మేం మారుస్తున్నవి. నెట్టి బిగించే పాళీ ఉన్న ప్రతి పెన్నునూ ఇకపై ఇంకు పోసి, రాసి చూసి, రాత్రంతా అడ్డంగా పడుకోబెట్టి, పొద్దున్నే సెక్షన్ అంచు పొడిగా ఉందో లేదో చూశాకే పంపుతాం. కాబట్టి ఆర్డరు చేరడానికి ఇప్పటికంటే ఆలస్యమవుతుంది, ఈ ఒక్క విషయంలో తొందరపెట్టొద్దని మనవి. కొత్త పెన్ను మీకు చేరినప్పుడు ఫీడ్‌లో ఇంకు జాడ కనిపిస్తే అది వాడిన పెన్ను కాదు, ఈ పరీక్ష తాలూకు గుర్తు.

ఇకమీద మేం చేసే కొత్త డిజైన్లకి మరతో బిగించే యూనిట్లు వాడతాం. దీనివల్ల వదులు సమస్య పూర్తిగా పోతుందని మాత్రం చెప్పను. ఆ యూనిట్ లోపల కూడా పాళీ, ఫీడ్ బిగువు మీదే నిలబడతాయి, అదీ వదులవగలదు. తేడా ఏమిటంటే అప్పుడు చిన్న యూనిట్ మారిస్తే చాలు, సెక్షన్ జోలికి పోనక్కర్లేదు. ఒకటే జాగ్రత్త, పాళీలు చేసే జోవో, బాక్ కంపెనీల యూనిట్ల మరచుట్లు వేరు, ఒకదానిలో ఇంకోటి పట్టదు, విడిగా కొనేటప్పుడు మీ పెన్ను దేనికి చేసిందో అడిగి కొనండి. నెట్టి బిగించే పాత పద్ధతి ఇష్టపడేవాళ్లున్నారు, వాళ్లలో నేనూ ఒకణ్ణి, ఎబొనైట్ ఫీడ్ మీద చక్కగా కూర్చున్న పాళీ ఇచ్చే తడి రాత నాకు ఇంకెక్కడా దొరకలేదు. ఆ మోడళ్లు ఆపం.

మా పెన్ను ఏదైనా సరే, ఎప్పుడు కొన్నదైనా సరే, మధ్యలో మీరు పాళీ మార్చినా సరే, బిగువు సరిచేసినందుకు డబ్బు తీసుకోం. గ్లూ వేసినవాటికీ, పగిలినవాటికీ కొత్త సెక్షన్ చేయాలి కాబట్టి దానికి మాత్రం ఖర్చవుతుంది, అది ముందే చెప్పి, మీరు సరే అన్నాకే మొదలుపెడతాం.

పంపేముందు పక్కనుంచి, వెలుతురుకి ఎదురుగా తీసిన ఒక ఫోటో పంపండి, చాలా సందర్భాల్లో పెన్ను రాకుండానే చెప్పేయగలం. పంపాల్సి వస్తే ఇంకు పూర్తిగా తీసేసి, కడిగి, ఆరబెట్టి, క్యాపు పెట్టండి. పాళీ బాగా వదులుగా ఉంటే విడిగా తీసి, మెత్తటి కాగితంలో చుట్టి, క్యాపు బయటే పెట్టండి. లోపలే ఉంచితే దారిలో జారి ముందుకొచ్చి మొన క్యాపుకి కొట్టుకుంటుంది. ఏ ఇంకు వాడుతున్నారో, పాళీ ఎప్పుడైనా మార్చారో, ఏదైనా పూశారో ఒక కాగితం మీద రాసి పెన్నుతో పాటు పెట్టండి.