తరమణి నుంచి ఒక అధికారిని అంబత్తూరు పంపండి: కేంద్ర విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మాది నెల్లూరు జిల్లా. మెకానికల్ ఇంజినీరింగ్ అయ్యాక మీ శాఖ నడిపే నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని, చెన్నైలో అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోని ఒక కంపెనీలో ఏడాది గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా చేశాను. సర్టిఫికెట్ వచ్చింది. అందులో రాసి ఉన్న ఏడాదికీ నేను గడిపిన ఏడాదికీ పొంతన లేదు, అందుకే ఈ ఉత్తరం.

ముందు డబ్బుల సంగతి చెప్పేస్తాను. స్టైపెండ్ నెలకు 9,000 రూపాయలు. అందులో సగం కేంద్రానిది. ఆవడిలో నలుగురం కలిసి ఉన్న గదికీ తిండికీ కలిపి 7,000 దాకా అయ్యేది. నెల తిరిగాక 10వ తేదీలోగా ఇవ్వాలని రూల్ ఉంది, కంపెనీ వాటా మాత్రం నాకు ఎప్పుడూ 20 దాటాకే పడేది, ఆ పది రోజులూ నాన్నకు ఫోన్ చేయాలంటే గొంతు పెగిలేది కాదు. 2025 మేలో సెంట్రల్ అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ స్టైపెండ్‌ను 36 శాతం పెంచాలని సిఫారసు చేసింది. పెంచితే మంచిదే, మా తర్వాతి వాళ్లకు కాస్త ఊపిరి ఆడుతుంది. కానీ నా అసలు బాధ డబ్బులు కాదు సార్.

అప్రెంటిస్ అంటే ట్రైనీ, వర్కర్ కాదు అని 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం చెబుతుంది. 1973లో దాన్ని సవరించి ఇంజినీర్లనూ అందులోకి తెచ్చారు. వర్కర్లం కాదు కాబట్టి మాకు పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. సరే, ఒప్పుకుంటాను. మరి ట్రైనీ అన్నప్పుడు ట్రైనింగ్ ఉండాలి కదా?

నేను మొదటి ఐదు నెలలు చేసిన పని ఏంటంటే, సీఎన్‌సీ లేత్ (కంప్యూటర్‌తో నడిచే తరిణి యంత్రం) నుంచి వచ్చిన బుష్‌లను, అంటే చిన్న గొట్టాల్లాంటి లోహపు భాగాలను ట్రేలో పోసుకుని, అంచుల మీద మిగిలిన బర్‌ను, అంటే పదునైన లోహపు పొట్టును ఆకురాయితో గీకి, తుడిచి, పక్క టేబుల్‌కు మోయడం. సాయంత్రానికి వేలి చివర్లు చీరుకుపోయి, యంత్రాన్ని చల్లబరిచే కూలెంట్ ద్రవం వాసన సబ్బుతో కడిగినా పోయేది కాదు. ఏ పనీ చిన్నది కాదు, వారం రోజులు చేస్తే అదీ నేర్చుకోవాల్సిందే. ఐదు నెలలు చేయిస్తే మాత్రం అది తక్కువ జీతానికి మనిషిని పెట్టుకోవడమే.

నాకు ఆ ఏడాదిలో నిజంగా నేర్పింది ఒకే ఒక్కరు, లేత్ మీద పనిచేసే ఒక తమిళ ఆపరేటర్ అన్న. నేర్పమని ఆయనకు ఎవరూ చెప్పలేదు, దానికి ఆయనకు రూపాయి అదనంగా రాలేదు. నేను కాలేజీలో మైక్రోమీటర్ అనే కొలిచే పరికరం లీస్ట్ కౌంట్ (అది కొలవగల అతి చిన్న కొలత) 0.01 మిల్లీమీటర్ అని రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే, కానీ మొదటిసారి బుష్‌ను కొలిచినప్పుడు 24.95 మిల్లీమీటర్లు వచ్చింది, సైజు తగ్గింది, రిజెక్ట్ అని పక్కన పెట్టేశాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, అదే బుష్ తీసుకుని, మైక్రోమీటర్ వెనకున్న రాచెట్ అనే చిన్న పిడిని వేలితో తిప్పి, మూడు సార్లు టిక్ మనగానే ఆపి చూపించాడు. 24.98. "చేత్తో బిగించకు తంబీ, చెవితో విను" అన్నాడు. ఆ రోజు నుంచి రోజూ టీ టైమ్‌లో పదిహేను నిమిషాలు ఆయన దగ్గర కూర్చునేవాణ్ణి. నా ఇంజినీరింగ్ ఆ పదిహేను నిమిషాల్లోనే మొదలైంది.

ఇక మేం ఏం నేర్చుకున్నామో రాసి, కంపెనీ మూడు నెలలకోసారి అప్రెంటిస్‌షిప్ బోర్డుకు పంపే ప్రోగ్రెస్ రికార్డ్. మాకందరికీ ఒకే రాత: సీఎన్‌సీ ప్రోగ్రామింగ్, క్వాలిటీ కంట్రోల్, ప్రొడక్షన్ ప్లానింగ్. నేను ప్రోగ్రామింగ్ స్క్రీన్ ముందు నిలబడింది కూడా లేదని హెచ్ఆర్‌లో చెబితే, "అందరికీ ఇదే, సంతకం పెట్టు" అన్నారు. పెట్టాను. సర్టిఫికెట్ ఆగిపోతుందేమోనని టెన్షన్. అది తప్పేనని ఇప్పటికీ అనిపిస్తుంది.

నెలాఖరు డిస్పాచ్ అప్పుడు రాత్రి పది దాకా ఉంచేసేవారు. అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనే ప్రభుత్వ అధికారి అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదని, ఆ అనుమతి కూడా ట్రైనింగ్‌కో ప్రజలకో మేలు జరుగుతుందనుకుంటేనే ఇవ్వాలని అదే చట్టంలో ఉందని నాకు ఏడాది అయిపోయాక తెలిసింది. పట్టరవాక్కం స్టేషన్‌లో రాత్రి లోకల్ కోసం కూర్చుని నిద్రతో తూగుతున్నప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. కనీసం ఒప్పందం కాగితంతో పాటు మా హక్కులు ఒక పేజీలో, మాకు వచ్చిన భాషలో ఇప్పించండి. అంబత్తూరులో, చెన్నై దగ్గరి మరో పారిశ్రామిక ప్రాంతం ఒరగడంలో మా వైపు నుంచి వచ్చిన కుర్రాళ్లు ఎంతోమంది ఉన్నారు సార్, తెలుగులో ఒక పేజీ పెద్ద ఖర్చు కాదు.

30 మంది గానీ, అంతకన్నా ఎక్కువ మంది గానీ ఉన్న సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని రూల్ పెట్టారు. తలలు లెక్కపెట్టడానికి పోర్టల్ సరిపోతుంది. నేర్పుతున్నారా లేదా అన్నది పోర్టల్‌లో కనిపించదు. ఆ ప్రోగ్రెస్ రికార్డ్‌ను అప్రెంటిస్ తన మాటల్లో తానే రాసి, కంపెనీ చేతిలో పడకుండా నేరుగా బోర్డుకు పంపే వీలు కల్పించండి. నేర్పే ఆపరేటర్ పేరు అందులో రాయించి, ఆయనకూ ఎంతో కొంత ఇప్పించండి.

దక్షిణాది అప్రెంటిస్‌షిప్ బోర్డు చెన్నైలోనే, తరమణిలో ఉంది. అక్కడి నుంచి ఒక అధికారిని అంబత్తూరు పంపండి, ముందుగా కబురు పెట్టకుండా పంపండి. ఆఫీసులో కూర్చోబెట్టి ఫైళ్లు చూపిస్తారు, అవి తర్వాత చూడొచ్చు. ముందు షాప్ ఫ్లోర్‌కు వెళ్లమనండి. ట్రే ముందు ఆకురాయి పట్టుకుని ఒక కుర్రాడు ఉంటాడు. అతని చేతికి మైక్రోమీటర్ ఇచ్చి, ఒక బుష్ కొలవమని అడగమనండి.

ఇట్లు,
ఒక మాజీ అప్రెంటిస్,
ఆవడి, చెన్నై