డొమెస్టిక్ టికెట్, ఇంటర్నేషనల్ దారి: లాంజ్ దగ్గర ఆగిపోతున్న ప్రయాణికులు

సంపాదకుల వారికి,

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో విమానం ఎక్కేవాళ్ళు ఓర్వకల్లు, కడప విమానాశ్రయాలు వచ్చాక కూడా ఎక్కువగా బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్ళికో శంషాబాద్‌కో పోతున్నారు. అనంతపురం నుంచి దేవనహళ్ళి, కర్నూలు నుంచి శంషాబాద్ రెండూ 44వ జాతీయ రహదారి దారిలోనే, రెండు వందల కిలోమీటర్లకు కాస్త లోపే. బస్సు వేళ, టోల్‌గేట్లు, ఊరి బయటి ట్రాఫిక్ అన్నీ లెక్కేసుకుని వచ్చేవాళ్ళు గనక మూడు నాలుగు గంటల ముందే చేరుకుంటారు. సెక్యూరిటీ దాటాక తిండి, విశ్రాంతి దొరికే గదే లాంజ్, కొన్ని బ్యాంకు కార్డులు ఉన్నవాళ్ళను అందులోకి ఉచితంగా పంపుతారు. పక్క వీధి నుంచి క్యాబ్‌లో వచ్చేవాళ్ళకు లాంజ్ ఒక హంగు కావచ్చు. రాత్రి బస్సు దిగి వచ్చిన పెద్దవాళ్ళకు, పిల్లల తల్లులకు అది మొహం కడుక్కుని, రెండు ఇడ్లీలు తిని, కాసేపు నడుం వాల్చే చోటు. అందుకే లాంజ్ నిబంధనల్లో ఉన్న ఒక చిక్కును మీ పత్రిక ద్వారా అందరి దృష్టికీ తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా, చాలామందిని తికమక పెడుతున్న రెండు విషయాలను విడదీయాలి. ఇంటర్నేషనల్ టెర్మినల్ అని పిలిచే భవనం నుంచి డొమెస్టిక్ విమానం బయలుదేరడం ఒకటి. ఇంటర్నేషనల్ సెక్యూరిటీ దారి గుండా పోయి డొమెస్టిక్ విమానం ఎక్కడం ఇంకొకటి.

మొదటిది రోజూ జరిగేదే. బెంగళూరు రెండో టెర్మినల్‌లో 2023 జనవరిలో డొమెస్టిక్ విమానాలు మొదలయ్యాయి, అదే ఏడాది సెప్టెంబర్‌లో విదేశీ విమానాలన్నీ అక్కడికే మారాయి. శంషాబాద్‌లో కూడా రెండు రకాల విమానాలూ ఒకే కప్పు కిందనే. ఢిల్లీ మూడో టెర్మినల్, ముంబయి రెండో టెర్మినల్ కూడా అంతే. ఇలాంటి చోట చెక్‌-ఇన్ హాలు కలిసే ఉంటుంది, ఆ తర్వాత దారులు చీలుతాయి. విదేశాలకు పోయేవాళ్ళు ఇమిగ్రేషన్ వైపు, మిగతావాళ్ళు డొమెస్టిక్ సెక్యూరిటీ వైపు. డొమెస్టిక్ సెక్యూరిటీ దాటినవాళ్ళకు ఆ వైపు ఉన్న డొమెస్టిక్ లాంజ్‌లో కార్డు మామూలుగానే పని చేయాలి. టెర్మినల్ పేరు చూసి ‘ఇది ఇంటర్నేషనల్, నా కార్డు చెల్లదేమో’ అని వెనక్కి తగ్గనక్కర్లేదు. బ్యాంకు హెల్ప్‌లైన్‌లో ఎవరైనా చెల్లదని చెప్పినా, టెర్మినల్ నంబరుతో పాటు ‘డొమెస్టిక్ డిపార్చర్స్‌లో ఉన్న లాంజ్’ అని విడమరిచి మళ్ళీ అడగండి. చాలాసార్లు జవాబు మారుతుంది.

అసలు చిక్కు రెండోదానితోనే. విదేశం నుంచి వచ్చి మన దేశంలో రెండో ఊరికి పోయే విమానాలు, ఇక్కడ ఒక ఊళ్ళో బయలుదేరి ఇంకో ఊరి మీదుగా విదేశం పోయే విమానాలు ఉంటాయి. మధ్యలోని ఆ దేశీయ భాగానికి కూడా సీట్లు అమ్ముతారు. టికెట్ మీద రెండూ మన ఊళ్ళే. కానీ విమానం కస్టమ్స్ లెక్కలో ఇంటర్నేషనల్ గనక ప్రయాణికుణ్ణి ఇంటర్నేషనల్ వైపు నుంచే పంపుతారు. పాస్‌పోర్టులో ముద్ర పడదు. బోర్డింగ్ పాస్ మీద దేశీయ ప్రయాణికుడని తెలిపే గుర్తు వేస్తారు. డ్యూటీ ఫ్రీలో కొనడానికి వీలుండదు. సెక్యూరిటీ దగ్గర ద్రవాలకు వంద మిల్లీలీటర్ల నిబంధన వర్తిస్తుంది కాబట్టి నీళ్ళ సీసా కూడా అక్కడే వదిలేయాలి. దిగిన చోట కూడా ఇంటర్నేషనల్ అరైవల్స్ గుండా, కస్టమ్స్ వాళ్ళ ముందు నుంచే బయటికి రావాలి.

ఈ ప్రయాణికుడు డొమెస్టిక్ లాంజ్‌కు చేరే దారే లేదు, అది గోడకు అవతల ఉంది. ఎదురుగా ఉన్నది ఇంటర్నేషనల్ లాంజ్. అక్కడ కార్డు గీస్తే యంత్రం తిరస్కరిస్తుంది. కారణం సూటిగా ఇది: మీరు ఎక్కడికి పోతున్నారో ఆ యంత్రానికి అక్కర్లేదు. తాను ఏ లాంజ్‌లో ఉందో, ఆ లాంజ్ మీ కార్డు జాబితాలో ఉందో లేదో, అంతవరకే అది చూస్తుంది. బ్యాంకులు లాంజ్‌లకు తలకు ఇంత అని చెల్లిస్తాయి, ఒప్పందాలు లాంజ్ వారీగా ఉంటాయి. ఒకే టెర్మినల్‌లో ఒకే పేరుతో రెండు వైపులా లాంజ్‌లున్నా జాబితాలో అవి రెండు వేర్వేరు వరుసలు.

కార్డు నిబంధనలు జాగ్రత్తగా చదివితే అసలు లోపం కనబడుతుంది. ‘డొమెస్టిక్ లాంజ్’ అంటే చాలా కార్డుల్లో మన విమానాశ్రయాల డొమెస్టిక్ వైపు ఉన్నవి. ‘ఇంటర్నేషనల్ లాంజ్’ అంటే చాలా కార్డుల్లో మన దేశం బయట ఉన్నవి. మన విమానాశ్రయాల్లోనే ఇంటర్నేషనల్ వైపు ఉన్న లాంజ్‌లు ఈ రెంటి మధ్యా జారిపోతున్నాయి. కొన్ని కార్డుల జాబితాల్లో అవీ ఉంటాయి, చాలావాటిలో ఉండవు. ప్రయారిటీ పాస్ (అనేక దేశాల లాంజ్‌లలో చెల్లే సభ్యత్వ కార్డు) ఉందని ధీమాగా చూపిస్తే లోపలికి పంపుతారు, కానీ బ్యాంకు ఉచితంగా ఇచ్చినవి విదేశీ లాంజ్‌లకే అయితే నెల తిరిగాక బిల్లులో డాలర్ల లెక్కన చార్జీ, దాని మీద జీఎస్‌టీ పడతాయి. తలుపు దగ్గర ఎవరూ డబ్బు అడగలేదు గనక ఉచితమే అనుకోవడం పొరపాటు. ఆ పాస్ చూపే ముందు ‘ఇండియాలో వాడితే చార్జీ ఉందా’ అని బ్యాంకును అడిగి తెలుసుకోవాలి.

కాబట్టి టికెట్ కొనేటప్పుడే కొన్ని చూసుకోవాలి. అదే ఫ్లైట్ నంబరు విదేశీ నగరం దాకా పోతోందా, లేదా అక్కడి నుంచి వస్తోందా అన్నది మొదటి ఆనవాలు. దేశీయ ప్రయాణానికి మూడు గంటల ముందు రమ్మంటే అది రెండో ఆనవాలు. అనుమానం ఉంటే ఎయిర్‌లైన్‌ను ఒకే ప్రశ్న అడగండి: ‘ఈ విమానానికి డొమెస్టిక్ సెక్యూరిటీనా, ఇంటర్నేషనల్ సెక్యూరిటీనా?’ టెర్మినల్ ఏది అని మాత్రం అడిగితే సరైన జవాబు రాదు. బ్యాంకు వెబ్‌సైట్‌లో లాంజ్ జాబితా తెరిచి, విమానాశ్రయం పేరు పక్కన ‘డొమెస్టిక్ డిపార్చర్స్’ అని ఉందో ‘ఇంటర్నేషనల్ డిపార్చర్స్’ అని ఉందో చూడాలి. పాత జాబితాలను నమ్మొద్దు. బ్యాంకులకూ లాంజ్‌లకూ మధ్యవర్తిగా ఉన్న డ్రీమ్‌ఫోక్స్ 2025 సెప్టెంబర్‌లో దేశీయ లాంజ్ సేవలను ఆపేశాక చాలా కార్డుల ఏర్పాట్లు మారాయి.

గల్ఫ్ ప్రయాణికుల సంగతి వేరుగా చెప్పాలి. రాయచోటి, రాజంపేట, కడప ప్రాంతాల నుంచి కువైట్‌లో పని చేస్తున్నవాళ్ళు వేలల్లో ఉన్నారు. కువైట్ నుంచి ముంబయి మీదుగా హైదరాబాద్ వచ్చేవాళ్ళు, రెండో విమానం మామూలు డొమెస్టిక్ అయితే, ముంబయిలోనే ఇమిగ్రేషన్ ముగించుకుని, సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, సామాను మళ్ళీ అప్పజెప్పి డొమెస్టిక్ సెక్యూరిటీలోకి వస్తారు. అక్కడ డొమెస్టిక్ లాంజ్‌లో చూపాల్సింది ముంబయి–హైదరాబాద్ బోర్డింగ్ పాస్. కువైట్‌లో ఇచ్చిన మొదటి పాస్ చూపితే వెనక్కి పంపుతారు. పోయేటప్పుడు ఇది తిరగబడుతుంది. హైదరాబాద్‌లో డొమెస్టిక్ లాంజ్, ముంబయిలో ఇమిగ్రేషన్ తర్వాత ఇంటర్నేషనల్ లాంజ్. రెండూ రెండు ప్రవేశాలుగా లెక్కకు వస్తాయి, ఒకదానికి అర్హత ఉంటే రెండోదానికి ఉన్నట్టు కాదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా తలుపు దగ్గర కార్డు ఆగిపోవడానికి చిన్న చిన్న కారణాలుంటాయి. లాంజ్‌లో గీసినప్పుడు సాధారణంగా రెండు రూపాయల్లాంటి నామమాత్రపు మొత్తం కోసుకుంటారు. ఖాతాలో అదీ లేకపోయినా, కార్డుకు స్వైపింగ్ మెషిన్ల వాడకం ఆపేసి ఉన్నా తిరస్కరణే. 2020 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డులకు విదేశీ, ఆన్‌లైన్, కాంటాక్ట్‌లెస్ లావాదేవీలు మనం తెరుచుకుంటేనే పని చేస్తాయి. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగులు ఇంటి దగ్గరే చూసుకోవాలి, చెక్‌-ఇన్ వరుసలో నిలబడి కాదు. కార్డు మీది పేరు, బోర్డింగ్ పాస్ మీది పేరు ఒకటే ఉండాలి. భర్త కార్డుతో భార్యను పంపరు, యాడ్‌-ఆన్ కార్డు (కుటుంబ సభ్యుల పేరుతో ఇచ్చే అదనపు కార్డు) ఉంటే దాని నిబంధన విడిగా చూడాలి. రూపే ప్లాటినం డెబిట్ కార్డు లాంటివాటికి మూడు నెలలకు ఒక్క ప్రవేశమే. వచ్చేటప్పుడు వాడేస్తే పోయేటప్పుడు ఉండదు.

క్రెడిట్ కార్డుల్లో ఖర్చు షరతు వచ్చి పడింది. 2023 డిసెంబర్ నుంచి ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకు తన పేరొందిన ఒక కార్డుకు మూడు నెలల్లో లక్ష రూపాయల ఖర్చు ఉంటేనే లాంజ్ వోచర్లు (ప్రవేశ కూపన్లు) అంది. 2024 మే నుంచి ఇంకో బ్యాంకు గత మూడు నెలల్లో యాభై వేలు అంది. కార్డు ఉంది గనక లాంజ్ ఉంది అన్న రోజులు పోయాయి. వోచర్ పద్ధతి ఉన్న కార్డు అయితే క్యూఆర్ కోడ్ ముందే తీసి ఫోన్‌లో దాచుకోవాలి, తలుపు దగ్గర ఓటీపీ రాక నిలబడిపోయేవాళ్ళు చాలామంది. ఇంకొకటి: మరీ ముందు వస్తే లోపలికి పంపరు, కూర్చోనిచ్చేది సాధారణంగా రెండు మూడు గంటలే. రాత్రి బస్సులో వచ్చి పొద్దున పది గంటల విమానం పట్టుకునేవాళ్ళు ఈ లెక్క చూసుకోవాలి.

ఎయిర్‌లైన్ ఇచ్చే లాంజ్ పద్ధతి వేరు, అక్కడ కార్డు జాబితాతో పని లేదు. బిజినెస్ క్లాస్ టికెట్ గానీ సభ్యత్వ స్థాయి గానీ చూస్తారు. ఎయిరిండియా 2014 జూలై నుంచి స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలో ఉంది, ఆ కూటమి గోల్డ్ స్థాయి సభ్యులకు ఎకానమీ టికెట్ ఉన్నా లాంజ్ అర్హత ఉంటుంది. దేశీయ ప్రయాణికుణ్ణి ఇంటర్నేషనల్ దారిన పంపే విమానాల్లో ఇలాంటివాళ్ళు చెక్‌-ఇన్ కౌంటర్‌లోనే ‘ఈ వైపు మాకు ఏ లాంజ్’ అని అడిగి తెలుసుకోవాలి. సెక్యూరిటీ దాటాక అడిగితే చెప్పేవాళ్ళు దొరకరు.

విమానం ఆలస్యమైతే లాంజ్‌తో సంబంధం లేని హక్కు ఒకటి ఉంది, అది చాలామందికి తెలియదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం రెండున్నర గంటల లోపు ప్రయాణానికి రెండు గంటలు, రెండున్నర నుంచి ఐదు గంటల ప్రయాణానికి మూడు గంటలు, మిగతావాటికి నాలుగు గంటలు ఆలస్యం దాటితే, వేళకు చెక్‌-ఇన్ చేసినవాళ్ళకు ఎయిర్‌లైన్ భోజనం, ఫలహారం ఇవ్వాలి. లాంజ్ దొరకని దేశీయ ప్రయాణికుడు గేటు దగ్గర దీన్నే అడగాలి. అడగకపోతే ఇవ్వరనే అనుకోండి.

నేను కోరేది పెద్దదేమీ కాదు. బ్యాంకులు కార్డు పత్రంలో ‘డొమెస్టిక్’, ‘ఇంటర్నేషనల్’ అని రెండు మాటలతో సరిపెట్టకుండా, మన దేశంలో ఇంటర్నేషనల్ వైపు ఉన్న లాంజ్‌లకు విడిగా ఒక వరుస పెట్టి అవునో కాదో రాయాలి. టికెట్ అమ్మే ఎయిర్‌లైన్‌కు తన విమానం ఏ దారిన పోతుందో ముందే తెలుసు. అందువల్ల డబ్బు కట్టించుకునే పేజీలోనే ‘ఈ దేశీయ ప్రయాణం ఇంటర్నేషనల్ సెక్యూరిటీ గుండా’ అని తెలుగు సహా ప్రాంతీయ భాషల్లో చూపాలి. ప్రయాణికుడు ఎంచుకోని దారిలో ఎయిర్‌లైనే పంపుతోంది కాబట్టి, అతని డొమెస్టిక్ లాంజ్ హక్కు అక్కడ చెల్లకపోతే కనీసం ఒక ఫలహారం కూపన్ ఇవ్వడం న్యాయం. విమానాశ్రయం వాళ్ళు చెక్‌-ఇన్ హాల్లోనే, దారులు చీలే ముందే, ఏ వైపు ఏ లాంజ్ ఉందో బోర్డు పెట్టాలి. లోపలికి పోయాక తెలిసి ప్రయోజనం లేదు.

కార్డు లేనివాళ్ళ మాటేమిటని అడగవచ్చు. అది ఇంకా ముఖ్యం. కలకత్తా విమానాశ్రయంలో 2024 డిసెంబర్‌లో, చెన్నైలో 2025 ఫిబ్రవరిలో తక్కువ ధరల ఉడాన్ యాత్రీ కేఫ్ మొదలైంది. టీ పది రూపాయలు, నీళ్ళ సీసా పది, కాఫీ ఇరవై, సమోసా ఇరవై. విమానయాన శాఖ మంత్రి మన రాష్ట్రం వారే. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో ఉన్న కడప లాంటి ప్రతి చిన్న విమానాశ్రయంలోనూ ఇది ఉండాలి. ఓర్వకల్లు రాష్ట్ర సంస్థ చేతిలో ఉంది గనక అక్కడ ఇదే ధరలతో కౌంటర్ పెట్టించే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిది. సెక్యూరిటీ దాటాక ఉంటేనే పనికొస్తుంది, బయట పెడితే కాదు.

చివరిగా, లాంజ్ దగ్గర అన్యాయంగా తిప్పి పంపినా, చెప్పకుండా చార్జీ వేసినా ఊరుకోవద్దు. లాంజ్ పేరు, అది ఏ వైపు ఉందో, తేదీ, వేళ, యంత్రం మీద వచ్చిన మాట రాసుకోండి. చార్జీ స్లిప్‌ను, బోర్డింగ్ పాస్‌ను ఫోటో తీసుకోండి. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నంబరు తీసుకోవాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా పెట్టుకోవచ్చు, వివరాలకు 14448కి ఫోన్ చేయవచ్చు. ఎయిర్‌లైన్ మీద అయితే పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవా యాప్‌లో టికెట్ మీది పీఎన్‌ఆర్ నంబరుతో ఫిర్యాదు ఎక్కించాలి. బోర్డింగ్ పాస్ చెత్తబుట్టలో వేసి ఇంటికి చేరాక ఫిర్యాదు చేస్తే చూపడానికి ఆధారం ఉండదు, కాబట్టి బిల్లు వచ్చేదాకా దాన్ని దాచి ఉంచండి.

ఇట్లు,
విమాన టికెట్ల పనిలో ఉన్న ఒక పాఠకుడు,
అనంతపురం