విద్యుత్ శాఖ మంత్రి గారూ, ప్లేట్లున్నాయి, ఎండ ఉంది, మీటరే లేదు

గౌరవనీయులైన విద్యుత్ శాఖ మంత్రి గారికి,

దేవరకద్ర పక్క పల్లె నుంచి నమస్కరించి రాస్తున్నాను. ఇదివరకు ఇచ్చిన అర్జీలు మీ దాకా వచ్చుంటే ఈ బహిరంగ లేఖ అవసరమే ఉండేది కాదు.

ఇళ్ల మీద సోలార్‌కు సబ్సిడీ ఇచ్చే సూర్యఘర్ పథకం గురించి మీకు నేను చెప్పేదేముంది. మా డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ ప్లేట్లు బిగించి చాలా కాలమైంది. ఇన్వర్టరు గోడకుంది, ఎర్తింగ్ అయింది, కంపెనీ వాళ్లు ఫోటోలు తీసుకుని పోయారు. రానిది నెట్ మీటరు ఒక్కటే, అంటే లోపలికి వచ్చే కరెంటునూ బయటికి పోయే కరెంటునూ వేర్వేరుగా లెక్కేసేది. మొదట మీటర్ల స్టాక్ లేదన్నారు. స్టాక్ వచ్చాక టెస్టింగ్‌కు పోయాయన్నారు. టెస్టింగ్ అయ్యేసరికి సారు సెలవులో ఉన్నారు. సారు వచ్చాక, ఆన్‌లైన్‌లో పెండింగ్ చూపిస్తోంది, తప్పు నీ దరఖాస్తులోనే ఉందన్నారు. ఏం తప్పో చెప్పండి, దిద్దుకుంటానంటే, అది హైదరాబాద్‌లో తెలుస్తుందట.

పోనీ ఆన్ చేసుకుందామంటే అనుమతి లేదు. చేసినా, పాత మీటరు బయటికి పోయే కరెంటును కూడా మేం వాడినట్టే లెక్కేస్తుందని కంపెనీ వాళ్లే భయపెట్టారు. అంటే మా డాబా మీది ఎండకు మేమే బిల్లు కట్టాలి! 78,000 రూపాయల సబ్సిడీ మీటరు బిగించి, రిపోర్టు ఎక్కించాకే పడుతుంది. బ్యాంకు మాత్రం మీటరు కోసం ఆగదు కదా, మొత్తం అప్పు మీద వడ్డీ లాగుతూనే ఉంది. దానికి తోడు ఎండాకాలంలో కూలర్ల వల్ల 200 యూనిట్లు దాటింది, ఆ నెల గృహజ్యోతి ఉచిత కరెంటు పోయింది. రోజుకు పన్నెండు యూనిట్ల దాకా ఇవ్వాల్సిన ప్లేట్లను చూసి పక్కింటి పెద్దాయన "వాటి మీద మిరపకాయలన్నా ఎండబెట్టుకోరాదురా" అంటున్నాడు. ఆయనకు నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే చెప్పండి.

సారూ, ఈ పని తెలియక తొందరపడుతున్నానని అనుకోకండి. మా నాన్న తరం పాలమూరు లేబర్‌గా దేశమంతా డ్యాములు కట్టడానికి పోయింది. నేను అబుదాబి పోయాను. స్వైహాన్ ఎడారిలో ప్లేట్లకు స్టాండ్లు బిగించినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ సోలార్ ప్లాంటు 1,177 మెగావాట్లు, ముప్పై రెండు లక్షల ప్లేట్లు, 2019లో కరెంటు మొదలైంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు బయటి పని నిషేధం. మిగతా ఎండంతా మాదే. నేనొచ్చేశాక, 2023లో అబుదాబిలోనే అల్ ధఫ్రాలో రెండు వేల మెగావాట్లది ప్రారంభించారు.

కాళ్ల కింద చమురున్న దేశానికి ఈ ఎండ పిచ్చి ఎందుకని మా క్యాంపులో అందరికీ డౌటే. మలయాళీ ఫోర్‌మన్ విడమర్చి చెప్పాడు: ఇంట్లో ఏసీలకు కాల్చే గ్యాస్, చమురు మిగిలితే బయట అమ్ముకోవచ్చు. సౌదీ వాళ్లయితే ఎండాకాలంలో ముడి చమురునే కాల్చి కరెంటు తీస్తారు. 2030కల్లా సగం కరెంటు ఎండ, గాలి లాంటి వాటి నుంచే రావాలని వాళ్లు పెట్టుకున్నది అందుకే. పుణ్యం కోసం కాదు, లెక్క కోసం. దుబాయ్‌లో 2023 వాతావరణ సదస్సు జరిపిన యూఏఈ (అబుదాబి ఉన్న దేశం)యే 2027కల్లా రోజుకు యాభై లక్షల పీపాల చమురు తీసే సామర్థ్యం కావాలంటోంది, కాబట్టి వాళ్లను నెత్తిన పెట్టుకోమని నేను చెప్పను. కానీ లెక్క లెక్కే. ఎండ పనిలో వెనకబడ్డ కువైట్‌లో, అంత చమురుండి కూడా, 2024 ఎండాకాలంలో కరెంటు కోతలు పెట్టారు.

మనకు అమ్ముకోవడానికి చమురూ లేదు. దామరచర్లలో 4,000 మెగావాట్ల ప్లాంటు పెట్టుకుని సింగరేణి బొగ్గు కోసం రైళ్ల దిక్కు చూడాలి. ఆ బూడిద ఎవరి మీద పడుతుందో నల్లగొండ వాళ్లు రాస్తారు, నేను రాయను. ఇటు మాత్రం 2030కల్లా ఇంకో 20 వేల మెగావాట్ల గ్రీన్ కరెంటు తెస్తామని పాలసీ ప్రకటించారు. చాలా సంతోషం. అందులో మా మూడు కిలోవాట్లను కలుపుకుని ఉంటే దయచేసి తీసేయండి. అవి పనిచేయడం లేదు.

మా మండలంలోనే గల్ఫ్‌లో సోలార్ పని చేసి వచ్చిన పిల్లలున్నారు. ఇప్పుడు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల ముందు వాచ్‌మన్లుగా కూర్చున్నారు. వాళ్లకు మీటర్ల పనో, మెయింటెనెన్స్ పనో ఏదో ఒకటి చూపించొచ్చు. చూపించండి సారూ. ముందు మా మీటరు బిగించమనండి. మీ నోటి నుంచి ఒక్క మాట వస్తే చాలని కింది ఆఫీసు వాళ్లే అంటున్నారు. ఆ మాటేదో అనండి.

దరఖాస్తు నంబరు పాత అర్జీలన్నిటి మీదా ఉంది.

ఇట్లు,
గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒక సోలార్ కూలీ,
మహబూబ్‌నగర్ జిల్లా