గాలం పోటీని ఎండాకాలానికి మార్చకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

కర్నూలుకు దగ్గర్లోని ఒక చెరువులో డిసెంబర్ చివర్లో జరిగిన గాలం పోటీ గురించి మీ జిల్లా పేజీలో వార్త వేశారు, సంతోషం. గాలం పట్టుకున్నోణ్ణి పనీపాటా లేనోడిగా చూసే ఊళ్లో ఆ నాలుగు లైన్లు రావడమే గొప్ప. కానీ చలి దెబ్బకు పోటీ చప్పగా సాగిందని, చాలామందికి ఒక్క చేప కూడా పడలేదని, అందుకే వచ్చేసారి వేసవి సెలవుల్లో పెట్టే ఆలోచనలో నిర్వాహకులు ఉన్నారని చివర్లో రాశారు చూడండి, అక్కడే నా అభ్యంతరం. ఆ పోటీలో నేనూ కూర్చున్నాను. నాకు పడినవి చెప్పుకునేంత లేవు కాబట్టి గెలిచిన గర్వంతో రాస్తున్నానని ఎవరూ అనుకోనక్కర్లేదు. పోటీ చలికాలంలోనే ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో పెడితే చేపల్ని చంపడానికి టెంట్ వేసినట్టే.

ముందు ఈ చప్పదనం సంగతి. చేపకు మనలాగా సొంత వేడి ఉండదు, నీళ్లు ఎంత చల్లగా ఉంటే దాని ఒళ్లూ అంతే చల్లగా ఉంటుంది. చలి పెరిగితే తిన్నది త్వరగా అరగదు, తిరగడం తగ్గిస్తుంది, లోతున ఓ చోట చేరి ఊరికే ఉంటుంది. అదేం దాచిన రహస్యం కాదు, తుంగభద్ర ఒడ్డున గాలం వేసే ఏ పిల్లోణ్ణి అడిగినా చెప్తాడు. అయినా మనోళ్లు చేసిందేంటి? పొద్దున ఆరింటికే విజిల్ ఊదారు. మంకీ క్యాపులు పెట్టుకుని, స్వెట్టర్లు వేసుకుని అందరం కట్ట మీద బొమ్మల్లా కూర్చున్నాం, నీళ్లపైన తేలే బెండు కదిలితే ఒట్టు. మధ్యలో ఉగ్గాని, బజ్జీ వచ్చాయి, అవి మాత్రం వేడివేడిగా బాగున్నాయి. ఎండ బాగా ఎక్కి నీళ్లకు కాస్త వెచ్చదనం తగిలాక అక్కడక్కడా కదలిక మొదలైంది. పదకొండు నుంచి మూడు దాకా అసలైన టైమ్, కానీ ముఖ్య అతిథికి వేరే ప్రోగ్రాం ఉందని పన్నెండున్నరకే ఆపేశారు. తప్పు చలిది ఎట్లయితది?

ఇంకోటి, ఎర. చాలామంది వానాకాలంలో వేసినట్టే వేశారు. తవుడు, శనక్కాయ చెక్క కలిపి పెద్ద పెద్ద ఉండలు చేసి పొద్దున్నే నీళ్లలో కుమ్మరించారు. ఆకలి లేని చేప ముందు అంత తిండి పోస్తే అది గాలానికున్న పిసరంత ఎరను వెతుక్కుంటూ ఎందుకొస్తుంది? ఆ పిండి అడుగున పులిసిపోవడం తప్ప ఏమీ కాలేదు.

గెలిచింది చీటీలో నా పక్క చోటు వచ్చిన పెద్దాయన. హంద్రీ పక్కన పుట్టి పెరిగిన మనిషి, రీలు కూడా లేదు, సన్న వెదురు బొంగు ఒకటి. ఆయన బెండు నెమలి ఈక కాడ. దానికింద సీసం ముక్కల్ని ఒక్కొక్కటే పంటితో కొరికి బిగిస్తూ, నీళ్లపైన కాడ కొన వడ్లగింజంత మాత్రమే కనిపించేదాకా సరిచేసుకున్నాడు. దానికే పావుగంట పట్టింది, ఈయన ఎప్పుడు మొదలుపెడతాడా అని నాకే విసుగొచ్చింది. ఎర్రను, అదే వానపామును, గోటితో తుంచి చిన్న ముక్క మాత్రం ముల్లుకు గుచ్చాడు. మేతంటారా, చిటికెడు తవుడు తడిపి బెండు పక్కనే వేశాడు, మళ్లీ చేప పడేదాకా ఇంకో చిటికెడు వేయలేదు. చలికాలంలో చేప బెండును గుటుక్కున లాక్కుపోదు. ఆ వడ్లగింజలో సగం మునుగుతుంది, లేదంటే అర అంగుళం పక్కకు జరుగుతుంది, అంతే. ఆయన మణికట్టు ఒక్కసారి పైకి తిప్పేవాడు, కింద బంగారు తీగ చేపో మోసు చేపో ఉండేది. మొత్తం తూకం ఐదు కిలోలు కూడా దాటలేదు, కానీ చూడటానికి ఎంత బాగుందో! మీ విలేకరి ఆయన పక్కన అరగంట కూర్చుని ఉంటే చప్పగా అనే మాట రాసేవారు కాదు. పడితే అందరికీ పడే రోజు పోటీలో మజా ఏముంది? పిండి ముద్ద ఎక్కువ ఎవరు తెచ్చుకుంటే వాళ్లే గెలుస్తారు.

ఇక ఎండాకాలం. చేపలు అప్పుడు బాగా తింటాయి, నిజమే. కానీ నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల మంచినీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా కరిగితే 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే. అదే వేడికి చేప ఒంట్లో ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, అంటే రాబడి తగ్గి ఖర్చు పెరిగిందన్నమాట. పైగా మన చెరువులు మే నాటికి ఎంత మిగులుతాయి? మరువ మీదుగా పొర్లేదాకా నిండిన చెరువు తూము దగ్గర గుంటలా అయిపోతుంది, ఉన్న చేపలన్నీ ఆ పచ్చటి నీళ్లలోనే. ఆ పచ్చదనం నాచుది, అది పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా తనే వాడుకుంటుంది, తెల్లవారుజామున చేపలు నీళ్లపైకి తేలి నోళ్లు తెరుస్తుంటాయి. చెరువు కాపలా కాసేవాళ్లకు ఆ దృశ్యం చూస్తే గుండెదడ. అట్లాంటి చేపను గాలానికి లాగి, పోరాడించి, కాలుతున్న కట్ట రాళ్ల మీద పడేసి, ఫోటో దిగి, మళ్లీ నీళ్లలో వదిలితే బతుకుతుందా? ఈదుకుంటూ పోయినట్టే కనిపిస్తుంది, మర్నాడు తెల్లగా తేలుతుంది. అప్పటికి మనం ఇంట్లో ఉంటాం.

తేలిన చేప ఎవరిదో కూడా చెప్పుకోవాలి, మీ వార్తలో వాళ్ల ఊసే లేదు. ఆ చెరువు మత్స్యకార సంఘం గుత్తకు తీసుకున్నది. బొచ్చె, రోహు, మోసు నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు, వాటికి వానాకాలంలో పారే ఏరు కావాలి. ఒకప్పుడు నదుల్లో దొరికిన పిల్లల్నే తెచ్చి వదిలేవాళ్లు. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌదురి పిట్యూటరీ గ్రంథి రసం ఇంజెక్షన్‌తో వీటిచేత గుడ్లు పెట్టించాకే హేచరీ పిల్లలు రావడానికి దారి పడింది, జులై 10న చేపల రైతుల దినోత్సవం జరిపేది కూడా అందుకే. అంటే చెరువులోని ప్రతి బొచ్చె, ప్రతి రోహు వెనక ఎవరో కొనుక్కొచ్చి వదిలిన పిల్ల ఉంది. జిలేబి చేపలు, పరిగెలు వాటంతటవే పెరుగుతాయి, వాటి లెక్క వేరు. వానలకు చెరువు నిండాక పిల్లల్ని వదిలి, ఎండలకు నీళ్లు తగ్గేటప్పుడు వలలు లాగి అమ్ముకోవడం వాళ్ల ఏడాది బతుకు. మీరు వేసవి సెలవులంటున్నది సరిగ్గా వాళ్ల పంట కోతకొచ్చే టైమ్‌కు. డిసెంబర్, జనవరి నెలల్లో అయితే చేప సగం పెరిగి ఉంటుంది, నీళ్లు నిండుగా ఉంటాయి, వలల పని ఉండదు. ముల్లు జాగ్రత్తగా తీసి వదిలితే మార్చికి అదే చేప ఇంకా బరువు పెరిగి సంఘం చేతికొస్తుంది.

మొన్న అట్లా వదిలారా అంటే, లేదు. పట్టిన చేపల్ని ప్లాస్టిక్ బకెట్లలో, కొందరు ఏకంగా సిమెంటు సంచుల్లో పెట్టుకున్నారు. ఆపేశాక అన్నీ టెంట్ దగ్గరికి మోసుకురమ్మన్నారు. నీలం పట్టా మీద కుప్ప పోసి, కాటా ఎక్కడో కారు డిక్కీలో ఉందని దాన్ని తెచ్చేదాకా ఆగి, ఆ తర్వాత అతిథితో ఫోటోలు. సంఘం తరఫున వచ్చిన ఇద్దరు మనుషులు టెంట్ బయటే నిలబడి ఆ కుప్పను చూస్తున్నారు, కుర్చీ వేసినోడు లేడు. చివర్లో బతికున్నవాటిని నీళ్లలోకి విసిరారు, చచ్చినవాటిని ఎవరెవరో సంచుల్లో వేసుకుపోయారు. ఎంట్రీ ఫీజులో సంఘానికి పైసా ఇవ్వలేదని తర్వాత తెలిసింది. మీరు వేసిన ఫోటోలో ఉన్నది ఆ కుప్పే సార్.

ఈ ఆటలో ఆరితేరినవాళ్లు ఇంగ్లండ్‌లో ఉన్నారు, ఫోన్లో వీడియోలు చూసే మన కుర్రాళ్లకు ఇది బాగా తెలుసు. అక్కడ చేపల్ని పెంచే చెరువుల మీద గడ్డకట్టే చలిలో కూడా పోటీలు జరుగుతాయి. చీటీ తీసి ఎవరి చోటు వాళ్లకిస్తారు, పట్టిన చేపల్ని నీళ్లలోనే వేలాడే పొడుగాటి మెత్తటి వల సంచిలో ఉంచుతారు, విజిల్ అయ్యాక కాటా పట్టుకున్నవాళ్లే ఒక్కొక్కరి దగ్గరికొచ్చి తూచి అక్కడికక్కడే వదిలేయిస్తారు. కుప్ప పోయడం అనేది ఉండదు. నదుల్లో అయితే చేపలు గుడ్లు పెట్టే కాలమని మార్చి మధ్య నుంచి జూన్ మధ్య దాకా ఈ పోటీల్లో పట్టే రకం చేపల వేటే బంద్, చాలా చెరువులకు ఆ బంద్ లేదు. అయినా ఎండలు ముదిరితే ఆ చెరువుల వాళ్లే వల సంచులు వాడొద్దంటారు, ఒక్కోసారి పోటీనే ఆపేస్తారు. వాళ్ల ఎండ ఎంతనుకున్నారు? 30 డిగ్రీలు దాటితే వాళ్లకు వడగాడ్పు. మనకది సంక్రాంతి నాటి మధ్యాహ్నం. మరి 42 డిగ్రీల కర్నూలు మే నెలలో ఆడదామంటే ఏమనాలి?

చలికాలానికి కూడా ఓ చిక్కుంది, నేను చెప్పకపోతే చేపల పెంపకం తెలిసినవాళ్లు ఎవరైనా రేపు మీకే ఇంకో ఉత్తరం రాస్తారు. వానలు తగ్గి నీళ్లు చల్లబడ్డాక ఎర్రపుండ్ల జబ్బు వస్తుంది. 1988లో ఈశాన్య రాష్ట్రాల వైపు నుంచి మన దేశంలోకి వచ్చిన జబ్బు ఇది, నీటి బూజు జాతి జీవి వల్ల వస్తుంది, కొర్రమీనుకు, మోసుకు ఎక్కువ. చేప ఒంటి మీదున్న జిగురే దానికి రక్ష. పొడి చేతుల్తో, తువ్వాలుతో గట్టిగా పట్టుకుంటే ఆ జిగురు పోతుంది, సిమెంటు సంచి గరుకుకు పొలుసులే లేస్తాయి, ఆ గాయంలోకి జబ్బు దిగుతుంది. అందుకే చేతులు తడుపుకోకుండా చేపను ముట్టుకోకూడదు. ముల్లుకు వెనక్కి తిరిగుండే పంటిని కటింగ్ ప్లేయర్‌తో నొక్కేస్తే చాలు, చేప నోరు చిరగకుండా ముల్లు ఇట్టే వస్తుంది. దారం వదులు చేస్తే చేప జారిపోతుందని కొందరు గొణుగుతారు. జారనీయండి, పోటీ అన్నాక ఆ మాత్రం లేకపోతే ఎట్లా? పెద్దాయన ముల్లు అట్లాంటిదే.

పిల్లలకు సెలవులుండాలనే కదా వేసవి మాట ఎత్తింది, సంక్రాంతి సెలవులు ఏమయ్యాయి? కనుమ తర్వాత ఓ రోజు చూసి, పొద్దున తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి సాయంత్రం మూడున్నరకు ఆపితే పిల్లలొస్తారు, చేపలూ పడతాయి. చలికాలంలో చెరువుల మీద బాతులు, కొంగలు దిగుతాయి కాబట్టి తెగిన నైలాన్ దారం ముక్కల్ని కట్ట మీద పారేయకుండా జేబులో వేసుకోమని ముందే మైకులో చెప్పాలి, వాటి కాళ్లకు చుట్టుకుంటే ఊడదు. మందు సీసాల గురించి నేను రాయను, రాసినా మీరు వేయరు.

నిర్వాహకులు ఎవరో నాకు తెలుసు, చెడ్డవాళ్లు కాదు, సొంత డబ్బులు పెట్టి టెంట్ వేయించారు. వాళ్లను అడిగేది ఒక్కటే, వచ్చే పోటీకి తేదీ ఖాయం చేసేముందు సంఘం వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడండి. ఎన్ని గాలాలు వేయొచ్చో, ఏ వైపు కట్ట వదిలేయాలో, మేత ఎంతకు మించకూడదో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. కాటా కూడా వాళ్ల చేతికే ఇవ్వండి, తూకంలో గొడవలుండవు. ఫీజు పెంచినా ఇస్తాం, కానీ పెంచిందంతా సంఘం ఖాతాకే పోవాలి, ఆ లెక్క పోటీ రోజే కట్ట మీద చదివి వినిపించాలి. మీరు కూడా విలేకరిని పన్నెండింటి తర్వాతే పంపండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కర్నూలు