గెడ్డకి ఇవతల సవర ముసలమ్మ

ఒరేయ్ సత్తీ,

ఆలస్యానికి తిట్టుకో, పడతాను. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, ఎండలు చంపేస్తున్నాయి, మన హాస్టల్ ‘జడ్జిగారు’ ఇంకా ఆ టీ బాకీ తీర్చలేదు. కబుర్లు అయిపోయాయి. అసలు సంగతి విను.

మొన్న మా సీనియర్ గారితో మెళియాపుట్టి వైపు, కొండ దిగువన ఒక సవర గిరిజనుల ఊరికి వెళ్ళాను. ఒక ముసలమ్మ జీడితోట గొడవ. అప్పు కింద తోట తనకి రాసిచ్చేసిందని ఒక షావుకారు అంటున్నాడు. కాగితం చూశాను. కింద వేలిముద్ర ఎంత బాగుందంటే, గీతలు లెక్కపెట్టొచ్చు! ఆవిడేమో మా ఎదురుగానే కూర్చుని జీడిపళ్ళ నుంచి పిక్కలు తీస్తోంది. జీడి రసానికి వేళ్ళు నల్లబడి, తోలు ఊడిపోయి ఉన్నాయి. రేషన్ మిషన్ మీద ఎన్నాళ్ళుగానో ఆవిడ వేలు పడట్లేదట, మనవడి వేలే పెట్టిస్తున్నారట. సీనియర్ గారు కాగితాన్నీ ఆ బొటనవేలినీ మార్చి మార్చి చూసి ఫక్కున నవ్వారు. ఆయన, నవ్వడం! నువ్వు నమ్మవులే.

తర్వాత ఆవిడ అడిగిందిరా, అదే నన్ను తినేస్తోంది. “గెడ్డ అవతల మా చెల్లి తోట ఎవుడూ కొనలేడట. ఇవతలుంటే నేను సవరదాన్ని కానా బాబూ?”

ఏం చెప్పను? వాగుకి అవతలున్న చెల్లి ఊరు రాజ్యాంగం ఐదో షెడ్యూలు గిరిజన ప్రాంతాల జాబితాలో ఉంది, ఇవతలున్న అక్క ఊరు లేదు. అక్కడి భూమి గిరిజనేతరులు కొనకూడదనే 1970 నాటి ఒకటి బై డెబ్బై చట్టం రక్షణ ఆ జాబితాతో ఆగిపోతుంది. 1997లో సమత అనే సంస్థ వేసిన కేసులో, ఆ చట్టం కింద ప్రభుత్వం కూడా ‘వ్యక్తే’, గిరిజనేతరులకి గనుల లీజులు ఇవ్వకూడదు అని సుప్రీంకోర్టు అంత గట్టిగా చెప్పినా, అదీ జాబితా ఊళ్ళకే.

నువ్వు బ్రిస్బేన్ వెళ్ళిన కొత్తలో అక్కడి ఆదివాసుల భూమి హక్కు తేల్చిన మాబో కేసు గురించి నా చెవులు తూట్లు పొడిచావు కదా, 1992 తీర్పు, అది రావడానికి నెలల ముందే కేసు వేసిన మాబో పోవడం... అక్కడ నేల ఎవరిదీ కాదని తెల్లవాళ్ళు తేల్చేశారు. ఇక్కడ ఈస్టిండియా కంపెనీవాడు ఆ అబద్ధం కూడా ఆడలేదు, జమీందార్లతో శిస్తు మాట్లాడుకున్నాడు, కొండ మీదివాళ్ళని అడిగిందెవరు? 1830ల్లో పర్లాకిమిడి, విశాఖ కొండలు తిరగబడ్డాక అణచడానికి రస్సెల్ దొర వచ్చాడు. 1839 చట్టంతో ఆ కొండ ప్రాంతాన్ని, అంటే ఏజెన్సీని, మామూలు కోర్టుల నుంచి తప్పించి కలెక్టర్ని ప్రభుత్వ ఏజెంట్ చేశారు. గిరిజనం మీద ప్రేమేం కాదు, అల్లర్ల భయం. ఈరోజుకీ ఏజెన్సీలో సివిల్ దావాలు రెవెన్యూ అధికారులే వింటున్నారు. భయంతో గీసిన గీతే 1917 చట్టంతో భూమికి కాపలా అయింది. తర్వాత 1959 రెగ్యులేషన్, 1967లో లేవిడి దగ్గర గిరిజనుల మీద కాల్పులు, ఆ శ్రీకాకుళం గిరిజన పోరాటం వేడిలోనే 1970 సవరణ, అదే ఒకటి బై డెబ్బై. చెల్లి తోట నిలిచింది దాని పుణ్యమే. గీత మంచిదా చెడ్డదా అంటే... వద్దులే, నీతో ఫోన్లో తన్నుకుంటాను.

వేలిముద్ర నిపుణుడి చేత చూపించాలని పిటిషన్ నన్నే రాయమన్నారు. షావుకారు అప్పుడే రాజీ కబురు పంపాడు. ఆవిడ ఏమందో తెలుసా, వెళ్ళి గెడ్డ

గుమస్తా అరుస్తున్నాడు, కేసు పిలిచేశారట. మిగతాది రాత్రికి.

నీ,
నల్లకోటు